వంశమా, భాషా? అర్బరేష్ జవాబులో నేను చేసిన తప్పు

సివిల్స్‌లో పీఎస్‌ఐఆర్ (రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ వాళ్లందరం ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీని చదువుతాం. హెజెమనీ (బలంతో కన్నా సమ్మతితో సాగే ఆధిపత్యం) నోట్స్ రాసుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. ఒక టెస్ట్‌లో మైనారిటీల ప్రశ్నకు ఇటలీలోని అల్బేనియన్ సంతతి అర్బరేష్ వాళ్లను ఉదాహరణగా ఇస్తూ, "లక్ష మంది అల్బేనియన్ మాట్లాడతారు" అని రాశాను. దిద్దినవారు 'లక్ష' చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, పక్కన "వంశమా? భాషా?" అని రాశారు. రెండు రోజులు ఆ పేజీయే తీసి చూసుకున్నాను.

మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒట్టోమన్లు అల్బేనియాను ఆక్రమిస్తున్న రోజుల్లో, ముఖ్యంగా వాళ్లను ఎదిరించిన అల్బేనియన్ నాయకుడు స్కందర్‌బెగ్ 1468లో చనిపోయాక, సముద్రం దాటి దక్షిణ ఇటలీ చేరినవాళ్ల సంతతి వీళ్లు. కలాబ్రియా, సిసిలీ, మోలిసే లాంటి చోట్ల యాభై దాకా ఊళ్లున్నాయి. నన్ను కట్టిపడేసింది వాళ్ల పేరు. అల్బేనియాలో ఉన్నవాళ్లు తమను ష్కిప్తార్ అనుకుంటారు. వీళ్లు అర్బరేష్ అన్న వలస నాటి పాత పేరునే నిలుపుకున్నారు. భాషా అంతే. దక్షిణ అల్బేనియాలోని తోస్క్ మాండలికమే, కానీ అల్బేనియాలో తర్వాత వచ్చి చేరిన టర్కిష్ మాటలు ఇందులో చాలా తక్కువ. చాలా ఊళ్లలో ప్రార్థన గ్రీకు క్రైస్తవుల బైజాంటిన్ పద్ధతిలో, విధేయత మాత్రం పోప్‌కు. సిసిలీలోని పియానా దెల్యి అల్బనేజీని 1941 దాకా 'గ్రీకుల పియానా' అన్నది ఆ పద్ధతి వల్లే.

ఇక ఆ లక్ష. అది అంచనా మాత్రమే. ఉత్తరాన ఒకటి రెండు ప్రాంతాల్లో తప్ప ఇటలీ జనగణనలో భాష గురించి అడగరు. మన సెన్సస్‌లో మాతృభాష కాలమ్ ఉంది కాబట్టి 2011లో తెలుగు 8.11 కోట్లు అని ధైర్యంగా రాస్తాం. అదే అలవాటు ఇటలీకి పట్టుకెళ్లాను. లక్షలో తాము అర్బరేష్ అని చెప్పుకునేవాళ్లంతా ఉంటారు. ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు అంతకంటే తక్కువ. యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది.

గ్రాంసీ తండ్రి వైపు మూలాలు కూడా అల్బేనియావే. జైలు నుంచి రాసిన ఒక ఉత్తరంలో ఆ సంగతి చెబుతూనే, తన సంస్కృతి ఇటాలియన్ అన్నాడు. వంశం వేరు, భాష వేరు అని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు గురించి చెప్పే మన రాజ్యాంగం ఆర్టికల్ 350ఏ రాసేటప్పుడు, ఇటలీ 1999 నాటి 482వ చట్టంతో పోల్చి చూడండి. అది 12 భాషా మైనారిటీలను గుర్తించింది, అల్బేనియన్ అందులో ఒకటి. ఒక ఊరి ఓటర్లలో 15 శాతం మందో, కౌన్సిలర్లలో మూడో వంతు మందో అడిగితే, ఆ ఊరిని చట్టం పరిధిలోకి తెచ్చే పని మొదలవుతుంది.