మోకు వేస్తేనే చెట్టెక్కే పిల్లగాడు

నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కు నకలు వీడియో గేమ్ పెట్టె ఒకటి మా ఇంట్లో ఇంకా పనిచేస్తుంది. హన్మకొండలో మా వాడకట్టు పిల్లలమంతా దాని క్యాసెట్లు ఊది ఊది పెట్టి ఆడినవాళ్లమే. దానికి నేనే ఒక గేమ్ రాయాలని రెండేళ్ల కింద కూర్చున్నాను.

ఓరుగల్లు కోట తోరణాల నడుమ దుంకుకుంటూ పోయే పిల్లగాడి ఆట ఇది. ఏ వేషం కడితే ఆ విద్య వస్తుంది. పులివేషంలో దూరం దుంకుతాడు, గొంగడి కప్పుకుంటే వడగండ్ల దెబ్బ తగలదు, గీత కార్మికుడి వేషంలో మోకుతో, అంటే నడుముకూ చెట్టుకూ చుట్టే తాడుతో, తాటిచెట్టెక్కుతాడు. దెబ్బ తగిలిందా, వేషం పోతుంది.

తాటిచెట్టు దగ్గరే నెలరోజులు పట్టింది. మొదట పై బటన్ నొక్కితే సర్రున ఎక్కేటట్టు రాశాను. మా తాత నలభై ఏండ్లు చెట్లు గీసినవాడు. చూసి, "గట్ల ఉడుతలెక్క పాకుతడారా? ముందు మోకు మీదికి ఎగెయ్యాలె, ఎనకకు వొరగాలె, అప్పుడు కాళ్లు జరపాలె" అన్నాడు. లేచి నిలబడి, తువ్వాల నడుముకు చుట్టి, గోడ దగ్గర చేసి చూపించాడు. ఆ రాత్రే మార్చాను: ఒక బటన్‌తో మోకు ఎగేయాలి, పై బటన్‌తో కాళ్లు జరపాలి. తొందరపడి వరుస తప్పితే జారతాడు. నా ఆటకు ప్రాణం వచ్చింది అక్కడే.

చిక్కు మోకుతోనే వచ్చింది. ఈ పెట్టె తెర మీది ఒక అడ్డ గీతలో ఎనిమిది స్ప్రైట్లకు, అంటే కదిలే చిన్న బొమ్మ ముక్కలకు, మించి చూపించదు. పిల్లగాడికి రెండు, మోకుకు రెండు, రెండు కాకులకు నాలుగు. మూడో కాకి ఎదురొస్తే కనిపించకుండానే తగిలేది. ఆడేవాళ్లకు అది అన్యాయం. పిల్లగాడిని గీసే వరుసలో ముందుంచి, కాకుల వరుసను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మార్చాను. ఇప్పుడు అవి మిణుకుమంటాయి, కానీ కనిపిస్తాయి.

తీరా అసలు పెట్టెలో పెడితే ఆట మొదలు కాకముందే పిల్లగాడి మీద ఏదో గజిబిజి వేషం! కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (ఆ పెట్టెలా నడిచే ప్రోగ్రామ్) మెమరీని సున్నాలతో మొదలుపెడుతోంది, పెట్టెలో ఏముంటుందో చెప్పలేం. వేషం నంబరుకు నేను మొదటి విలువే ఇవ్వలేదు. ఆన్ కాగానే రెండు కిలోబైట్ల మెమరీనీ తుడిచేటట్టు రాశాక సరిపోయింది.

మొన్న తాత ఆడాడు. మూడో చెట్టు కొనదాకా పోయి, "లొట్టి ఏదిరా?" అని కల్లు కుండ గురించి అడిగాడు. స్ప్రైట్ల బొమ్మలకున్న 256 గడుల్లో ఆరు మిగిలాయి. సగం లొట్టి ఒక గడిలో గీసి, రెండో సగానికి దాన్నే అద్దంలో లెక్క తిప్పి పెట్టాను.