వైరు బాగానే ఉంది, కునుకు తీసేది లాప్‌టాపే

లాన్ వైరు పెట్టుకున్న లాప్‌టాప్‌లో నెట్ కట్ అవుతా ఉంటే మా తిరుపతిలో ఎవరైనా ముందు ఫోన్ కొట్టేది కేబుల్ అబ్బాయికే, ఆయనొచ్చి కొన కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేసి పోతాడు, మళ్లీ మామూలే. కొర్లగుంటలో మా బావ ఇంట్లో కూడా ఇదే గోల. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే గంటసేపైనా తెగదు, మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఎప్పుడు వదుల్తారా అని పేజీ తెరిచి ఊరికే కూర్చుంటే మాత్రం పుటుక్కున పోతాది! "బావా, వైరుని వదిలేయ్, పని లేనప్పుడే పోతా ఉందంటే ఇది పవర్ సేవింగ్ పని" అన్నా.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద రియల్‌టెక్‌దో ఇంటెల్‌దో లాన్ కార్డు ఉంటాది, దాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి పోయి 'అలో ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్' టిక్ తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనపడదు, అప్పుడు పక్కన అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో చూడాల్సిందే.

అసలు దొంగ ఎక్కువసార్లు అక్కడే దొరుకుతాడు, పేరు ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్. 2010లో వచ్చిన 802.3ఏజెడ్ స్టాండర్డ్ ఇది, డేటా లేనప్పుడు లింక్ నిద్రలోకి పోయి డేటా రాగానే మైక్రోసెకన్లలో లేవాలి, కానీ డ్రైవర్‌కీ (లాన్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) అవతల రౌటర్‌కీ పొత్తు కుదరకపోతే లింకే పడిపోతాది. రెండు వైపులా ఇది ఉంటేనే పనిచేస్తాది కాబట్టి ఆఫీసులో పాత స్విచ్‌కి పెడితే బాగుండి ఇంట్లో కొత్త రౌటర్‌కి పెడితే తెగొచ్చు, అందుకే పాపం కేబుల్ అబ్బాయి మీదకి పోతాది నింద. దీన్నీ, రియల్‌టెక్‌లో ఉండే గ్రీన్ ఈథర్నెట్‌నీ డిసేబుల్ చేసేయండి. మిగిలే కరెంటు ఒక వాట్ కూడా ఉండదు, దానికోసం ఈ తలనొప్పి ఎందుకు?

కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారినప్పుడే తెగుతా ఉంటే (రౌటర్ ఇన్వర్టర్ మీద వెలుగుతానే ఉంటాది, చూసి ఒళ్లు మండిపోతాది) పవర్ ప్లాన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ (లోపల లాన్ కార్డుని కలిపే దారిని పని లేనప్పుడు నిద్రపుచ్చే సెట్టింగ్) చూసి ఆఫ్ పెట్టండి. యూఎస్‌బీ పోర్టులో గుచ్చే లాన్ డాంగిల్ అయితే అక్కడే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్ పెట్టండి.

డ్రైవర్ అప్‌డేట్ అయితే ఇవన్నీ మళ్లీ మొదటికి రావచ్చు, చూసుకోండి. ఇంకోటి, ఆ మొదటి టిక్ తీస్తే కిందున్న వేక్ ఆప్షన్ కూడా బూడిద రంగులోకి పోతాది, దూరం నుంచి సిస్టమ్ లేపుకునే అలవాటు ఉన్నోళ్లు ఆ టిక్ అట్లే ఉంచి అడ్వాన్స్‌డ్‌లోవి మాత్రం ఆపి చూడండి.