మంత్రగత్తెల వేటగత్తె కామిక్: పానగల్లు ఫైట్ పేజీ గీసేదెట్లా

నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. లింగం మీద పడే స్తంభపు నీడ పొద్దంతా కదలదు. ఇట్లాంటి కథకు ఇంతకన్నా మంచి జాగా ఏముంటది? మంత్రగత్తె దాక్కునేది ఆ నీడలోనే. అది కదిలిందంటే వేటగత్తె బరిసె ఎత్తాల్సిందే.

ముందే ఒక మాట. మన దిక్కు బాణామతి, చేతబడి అనుమానంతో నిజంగానే మనుషుల్ని చంపిన్రు. అందుకే విలన్‌ను ఊరవతల ఒంటరి ముసలమ్మలాగ గీయొద్దు. మనిషి కాని రూపమే ఇవ్వాలె.

పేజీకి 5 గళ్లు చాలు, నడుమ 5 మిల్లీమీటర్ల సందు. బరిసె ఎత్తడం, దిగడం, శత్రువు కూలడం అన్నీ ఒకే సైజులో గీస్తే ఫైట్ చప్పబడుతది. దిగే గడి మిగతావాటికి రెండింతలుండాలె. కూలడానికి బొమ్మ కూడా అక్కర్లేదు, నల్లటి గడిలో 'ధభేల్' చాలు. వేటగత్తె ఎడమ నుంచి కుడికి దూకితే ఆఖరి గడి దాకా అదే దిక్కు. నడుమ తిప్పితే ఎవరు ఎవర్ని పొడిచిన్రో అర్థం కాదు.

నీడకు గట్టి నలుపే వాడాలె, స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు). బూడిద రంగు వేస్తే చవక ప్రింటులో మరకలాగ కనిపిస్తది.

ఎక్కువ చెడేది అక్షరాల దగ్గరే. ఇంగ్లిష్ కొలతకు మాటల బుడగ గీస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతయి. మాటలు ముందు పేర్చి, తర్వాత బుడగ గీయాలె. పాత ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలె.