సారయేవో మలుపు నుంచి బాద్ ఇష్ల్ రాతబల్ల దాకా

పదో తరగతి సోషల్ పుస్తకంలో మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఒక్క వాక్యంలో అయిపోతుంది: 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య. ఏళ్ల తరబడి నేను బోర్డు మీద రాయించిన వాక్యం అది. హత్యకూ, బ్రిటన్ యుద్ధంలోకి దిగిన ఆగస్టు 4కూ మధ్య ముప్పై ఏడు రోజులున్నాయి. ఆ రోజుల్లో ఏం జరిగిందో, అది జరిగిన చోట్లకే వెళ్లి చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. మా అక్క కొడుకు వియన్నాలో చదువుతున్నాడు. ఈ వేసవిలో వాడి దగ్గరికి వెళ్లే వీలు దొరికింది. ప్యాలెస్‌లు తర్వాత చూద్దాం, ముందు ఆ హత్య జరిగిన బోస్నియా నగరం సారయేవో వెళ్దాం పదరా అన్నాను.

రాత్రంతా బస్సు ప్రయాణం. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టుల కోసం నిద్రలేపారు. తెల్లారేసరికి చుట్టూ కొండలు, కొండల మీద ఎర్ర పెంకుల ఇళ్లు. ఊరి మధ్య నుంచి మిల్యాట్స్కా నది పారుతోంది. నది అంటే మన గోదావరిని ఊహించుకోవద్దు. ఎండాకాలంలో మోకాళ్ల లోతుకు మించి నీళ్లు కనిపించవు. దాని మీద లాటిన్ బ్రిడ్జ్ అనే పాత రాతి వంతెన, వంతెన ఎదురుగా వీధి మూలన ఒక చిన్న మ్యూజియం. లోపల ఒకటే గది. 1878 నుంచి 1918 దాకా, అంటే ఆస్ట్రియా ఈ ఊరిని ఏలిన నలభై ఏళ్ల చరిత్ర ఆ గదిలో ఉంది.

1878 బెర్లిన్ కాంగ్రెస్‌లో పెద్ద రాజ్యాలు కూర్చుని, పేరుకు టర్కీ సుల్తానుదే అయిన బోస్నియాలో పరిపాలన ఆస్ట్రియా-హంగరీ చేతికిచ్చాయి. 1908లో ఆస్ట్రియా దాన్ని పూర్తిగా తనలో కలిపేసుకుంది. పక్కనున్న సెర్బియాకు అది గుండెల్లో గునపం. సెర్బియాకు దన్నుగా ఉన్న రష్యా అప్పటికి యుద్ధం చేసే స్థితిలో లేక తల వంచింది. ఆ అవమానాన్ని మాత్రం మరిచిపోలేదు. 1912, 1913 బాల్కన్ యుద్ధాల తర్వాత సెర్బియా దాదాపు రెట్టింపయింది, వియన్నాలో భయం కూడా పెరిగింది. ఈ నేపథ్యం తెలియకుండా ఆ మూలన నిలబడితే కనిపించేది ఒక మామూలు వీధి మలుపే.

ఆ రోజు యువరాజు కార్లు నది ఒడ్డు రోడ్డు వెంట టౌన్‌హాలుకు వెళ్తుండగా, ఆస్ట్రియా పాలన పోవాలని కోరుకున్న బోస్నియా సెర్బు కుర్రాళ్ల ముఠాలోని చాబ్రినోవిచ్ బాంబు విసిరాడు. అది యువరాజు కారును దాటి వెనక కారు దగ్గర పేలింది. యువరాజు టౌన్‌హాలులో స్వాగత సభ ముగించుకుని, గాయపడినవాళ్లను ఆసుపత్రిలో చూస్తానన్నాడు. దారి మార్చాలని పెద్దలు అనుకున్నారు గానీ ఆ మాట డ్రైవర్లకు చేరలేదు. ముందు కారు పాత దారి ప్రకారం కుడివైపు తిరిగింది, యువరాజు కారూ తిరిగింది. ఇటు కాదని గవర్నర్ పోతియోరెక్ కేక వేయడంతో డ్రైవర్ బ్రేకు వేశాడు. కారు ఆగిన చోట అదే ముఠాలోని పందొమ్మిదేళ్ల గావ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండు తూటాలు: ఒకటి యువరాజుకు, ఒకటి ఆయన భార్య సోఫీకి. ప్రిన్సిప్ అప్పుడు శాండ్‌విచ్ తింటున్నాడని ఇంటర్నెట్‌లో చెప్పే కథకు విచారణ రికార్డుల్లో ఆధారం లేదు. దయచేసి పిల్లలకు అది చెప్పకండి.

టౌన్‌హాలు వంతెనకు కాస్త దూరంలోనే, నది పక్కనే ఉంది. వియెచ్నిత్సా అంటారు. తర్వాత అది జాతీయ గ్రంథాలయమైంది. 1992 ఆగస్టులో, బోస్నియా యుద్ధంలో నగర ముట్టడి సమయంలో ఫిరంగి గుళ్లకు కాలిపోయింది, లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. మళ్లీ కట్టి 2014లో తెరిచారు. యువరాజు దంపతులు చివరిసారి దిగిన మెట్లు చూద్దామని వెళ్లినదాన్ని, ఆ పుస్తకాల సంగతి తలచుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆ వంతెనకు యుగోస్లావియా రోజుల్లో ప్రిన్సిప్ పేరే ఉండేది. 1990ల యుద్ధం తర్వాత పాత పేరు తిరిగి వచ్చింది. ప్రిన్సిప్ కొందరికి వీరుడు, కొందరికి హంతకుడు. ఇరవై ఏళ్లు నిండలేదని అతనికి ఉరి తప్పింది. 1918 ఏప్రిల్‌లో తెరెజియెన్‌స్టాట్ జైల్లో క్షయతో చనిపోయాడు.

వియన్నాకు తిరిగొచ్చాక ఆర్సెనల్‌లోని సైనిక చరిత్ర మ్యూజియానికి వెళ్లాం. ఆ కారు ఇక్కడే ఉంది. ముదురు ఆకుపచ్చ గ్రాఫ్ అండ్ ష్టిఫ్ట్, టాపు లేని పెద్ద బండి. కుడివైపు రేకులో తూటా దూరిన రంధ్రం చిన్నది, చూపుడువేలి కొన పట్టేంత. పక్కనే అద్దాల పెట్టెలో యువరాజు లేత నీలం కోటు. నెత్తురు ఆపడానికి డాక్టర్లు కత్తిరించిన చోట గుడ్డ విడిపోయి ఉంది. మెడ కింద మరక గోధుమ రంగుకు తిరిగింది. మా వాడు ఫోన్ తీయబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ కోటు ముందు నిలబడి నేను వాడికి చెప్పిన సంగతి ఒకటుంది. వియన్నా దర్బారులో సెర్బియాతో యుద్ధం వద్దని గట్టిగా వాదించినవాళ్లలో ఈ చనిపోయినాయన ముందుండేవాడు. సైన్యాధిపతి కాన్రాడ్ సెర్బియా మీద దాడి చేద్దామని 1913లో పదేపదే ఒత్తిడి తెచ్చాడు. యువరాజు అడ్డుపడుతూ వచ్చాడు. సెర్బియా మీద ప్రేమతో కాదు. యుద్ధం వస్తే రష్యా దిగుతుంది, ఆస్ట్రియా, రష్యా సింహాసనాలు రెండూ కూలిపోతాయి అని ఆయన లెక్క. ఆ లెక్క అక్షరాలా నిజమైంది. అంటే ప్రిన్సిప్ తూటా వియన్నాలో యుద్ధం వద్దనే గొంతునే తీసేసింది. ఆయన మీద పెద్దగా ప్రేమ లేనివాళ్లకు ఆయన చావే సాకుగా దొరికింది.

మర్నాడు బాల్‌హౌస్‌ప్లాట్జ్‌కు వెళ్లాం. విదేశాంగ మంత్రి బెర్క్‌టోల్డ్ ఆఫీసు ఉన్న ఆ భవనంలో ఇప్పుడు ఆస్ట్రియా ఛాన్సలర్ ఉంటున్నారు. టూరిస్టులు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఇక్కడి నుంచే జూలై మొదటి వారంలో హోయోస్ అనే అధికారి ఉత్తరాలు తీసుకుని బెర్లిన్ వెళ్లాడు. జూలై 5న జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ ఆస్ట్రియా రాయబారికి భోజనం పెట్టి, మీరేం చేసినా మేం వెనకుంటాం, చేసేది త్వరగా చేయండి అన్నాడు. మర్నాడు జర్మనీ ఛాన్సలర్ బెత్‌మాన్ హోల్‌వెగ్ అదే మాట ఖాయం చేశాడు. చరిత్రకారులు దీన్ని బ్లాంక్ చెక్ అంటారు. ఆ చెక్కు ఇచ్చి కైజర్ ఓడెక్కి నార్వే విహారానికి వెళ్లిపోయాడు.

జూలై 7న వియన్నాలో మంత్రుల సమావేశం. అందరూ యుద్ధానికి సై అన్నారు, హంగరీ ప్రధాని టిసా ఒక్కడే కాదన్నాడు. వారం రోజులకు ఆయనా మెత్తబడ్డాడు. సెర్బియా భూమిని పెద్దగా కలుపుకోకూడదనే షరతు ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ వారంలో ఆయన గట్టిగా నిలబడి ఉంటే! నాకు మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించే చోటు ఇదే.

జూలై 19 నాటి సమావేశం ఆఫీసులో కూడా జరగలేదు. బెర్క్‌టోల్డ్ సొంత ఇంట్లో, ష్ట్రూడెల్‌హోఫ్‌లో పెట్టుకున్నారు. మంత్రులు ఎవరికీ తెలియకుండా గుర్తులు లేని కార్లలో వచ్చారు. దాని పక్కనే ష్ట్రూడెల్‌హోఫ్ మెట్లు ఉన్నాయి. చాలా అందంగా ఉంటాయి, సాయంత్రం కాలేజీ పిల్లలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మేమూ అక్కడే కూర్చున్నాం. హత్య వెనక సెర్బియా ఉందంటూ, ఆ దేశం ఒప్పుకోలేని విధంగా రాసిన అల్టిమేటం, అంటే గడువు పెట్టిన చివరి హెచ్చరిక, ఖరారైంది ఆ ఇంట్లోనే. దాన్ని వెంటనే ఇవ్వలేదు. ఫ్రెంచ్ అధ్యక్షుడు పోయంకారే అప్పుడు రష్యాలో పర్యటిస్తున్నాడు. ఆయన ఓడ ఎక్కేదాకా ఆగితే ఫ్రాన్స్, రష్యా కూడబలుక్కునే వీలుండదని వాళ్ల ఆలోచన. సైనికుల్లో చాలామంది కోతల సెలవుల్లో ఇళ్లకు వెళ్లి ఉండటం కూడా ఆలస్యానికి ఇంకో కారణం. హత్య జరిగిన వేడిలో కోపంతో చేసిన పని అయితే ఇంత లెక్క ఉండదు.

జూలై 23 సాయంత్రం ఆరుగంటలకు బెల్‌గ్రేడ్‌లో ఆ కాగితం ఇచ్చారు. పది డిమాండ్లు, నలభై ఎనిమిది గంటల గడువు. 25న గడువుకు కొన్ని నిమిషాల ముందు సెర్బియా ప్రధాని పాషిచ్ స్వయంగా వెళ్లి జవాబు అందించాడు. చాలావాటికి ఒప్పుకున్నారు. ఆస్ట్రియా అధికారులు తమ గడ్డ మీద దర్యాప్తులో కూర్చోవడానికి మాత్రం కుదరదన్నారు. ఆస్ట్రియా రాయబారి గీస్ల్ అప్పటికే పెట్టె సర్దుకున్నాడు, సాయంత్రం ఆరున్నర రైలుకు వెళ్లిపోయాడు. విహారం నుంచి తిరిగొచ్చిన కైజర్ 28 ఉదయం సెర్బియా జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదు అని రాశాడు. ఆ రాత కిందివాళ్ల చేతుల్లో నలిగి వియన్నా చేరేలోపు కథ ముగిసింది.

ముగిసిన చోటు చూడటానికి బాద్ ఇష్ల్ వెళ్లాం. వియన్నా నుంచి రైల్లో వెళ్లి ఆట్నాంగ్-పుక్‌హైమ్‌లో బండి మారాలి. అక్కడి నుంచి చిన్న రైలు సరస్సుల ఒడ్డున సాగుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే వదలొద్దు. ఇష్ల్‌లోని కైజర్‌విల్లా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వేసవి ఇల్లు. లోపల గోడల నిండా ఆయన వేటాడిన జంతువుల కొమ్ములు. గైడ్ వెంట గదులు దాటుకుంటూ వెళ్తే చివరికి ఆయన పనిగది వస్తుంది. అందులో ఒక మామూలు రాతబల్ల. ఇంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలిన మనిషిది అంటే నమ్మబుద్ధి కాదు. 83 ఏళ్ల వృద్ధుడు యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టింది ఇక్కడే.

సంతకం కోసం బెర్క్‌టోల్డ్ పంపిన చిత్తులో, సెర్బులు తెమెస్-కుబిన్ దగ్గర మన సైన్యం మీద కాల్పులు జరిపారని రాసి ఉంది. ఆ వార్త రూఢి కాలేదని సంతకం పడ్డాక బెర్క్‌టోల్డే ఆ వాక్యం తీసేశాడు. జూలై 28న యుద్ధ ప్రకటన ఫ్రెంచ్ భాషలో మామూలు టెలిగ్రామ్‌గా సెర్బియా ప్రభుత్వానికి వెళ్లింది. ఆ రాత్రి దాటకముందే బెల్‌గ్రేడ్ మీద గుళ్లు పడ్డాయి. ఈ ముక్క గైడ్ చెప్పలేదు. నేనే మా వాడికి చెబుతుంటే పక్కనున్న జర్మన్ దంపతులు ఆగి, ఏమిటని అడిగారు. వాడు వాళ్ల భాషలో చెప్పాడు.

తిరుగు రైల్లో వాడు అడిగాడు, "పిన్నీ, మా టెక్స్ట్‌బుక్‌లో కూటముల వల్ల యుద్ధం వచ్చిందని ఉండేది కదా? ఒప్పందాలు రాసుకున్నాక తప్పించుకోవడం కుదరదు కదా?"

"ఇటలీ సంగతి చూడరా. జర్మనీ, ఆస్ట్రియాలతో ముప్పై ఏళ్లకు పైగా కూటమిలో ఉంది. 1914 ఆగస్టులో మాది తటస్థం అంది, 1915 మేలో అవతలి పక్షాన దిగింది. కుదరకపోవడమేంటి? ఫ్రాన్స్ కోసం యుద్ధం చేసి తీరాలనే ఒప్పందం బ్రిటన్‌కూ లేదు. బెల్జియం తటస్థతకు 1839లో ఇచ్చిన హామీ ఉంది. ఆగస్టు 4న జర్మన్ సైన్యం బెల్జియంలో అడుగుపెట్టాకే బ్రిటన్ ప్రకటన చేసింది."

"మరి రష్యా?"

రష్యాను నేను వదిలిపెట్టను. జూలై 30న జార్ మొత్తం సైన్యాన్ని కదిలించే ఉత్తర్వుకు ఒప్పుకున్నాడు. దాంతో జర్మనీ సైనికాధికారులకు తాము కోరుకున్న తొందర దొరికింది. అటూ ఇటూ రైళ్ల టైమ్‌టేబుళ్లు ముందే రాసిపెట్టుకున్నారు. ఆగస్టు 1న కైజర్ సైన్యాన్ని తూర్పుకే పంపండి అంటే, ప్లాన్ మార్చడం కుదరదని జర్మన్ సైన్యాధిపతి మోల్ట్‌కే తెగేసి చెప్పాడు. ఇవన్నీ నిజమే. కానీ జూలై 26న బ్రిటన్ మంత్రి గ్రే నాలుగు దేశాల సమావేశం పెడదామన్నాడు, దాన్ని కాదన్నది బెర్లిన్. సెర్బియా జవాబుతో సరిపెట్టుకునే వీలు వియన్నాకు ఉంది, అక్కర్లేదన్నది బెర్క్‌టోల్డ్. నన్ను పేర్లు చెప్పమంటే మొదట ఆయన పేరు, వెంటనే బెత్‌మాన్ హోల్‌వెగ్ పేరు చెబుతాను. యూరప్ ఎలాగూ కొట్టుకునేదే, ఎవర్నీ అనలేం అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఆ మాట ఇద్దరినీ విడిచిపెట్టేస్తుంది.

మా వాడు కాసేపటికి మనవాళ్ల సంగతి అడిగాడు. వైస్రాయ్ హార్డింజ్ భారతదేశం తరఫున ఎవర్నీ అడగలేదు. లండన్ యుద్ధంలో ఉంది కాబట్టి మనమూ ఉన్నట్టే. పది లక్షలకు మించి భారత సైనికులు సముద్రం దాటారు, 74,000 మందికి పైగా చనిపోయారు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది, రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. హైదరాబాద్ లాన్సర్లు గుర్రాలతో ఈజిప్టు, పాలస్తీనాల దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ల గుర్తుగా పెట్టిందే, మిగతావి మైసూరు, జోధ్‌పూర్ దళాలవి. మా వాడు ఢిల్లీలో రెండేళ్లున్నాడు. రోజూ ఆ చౌరస్తా మీదుగానే కాలేజీకి వెళ్లేవాణ్ని గానీ అవి ఎవరివో తెలియదన్నాడు. ఈసారి సెలవులకు రా, కలిసి వెళ్దాం అన్నాను.