వెన్నుపూసలో చీము: యాంటీబయాటిక్ కన్నా ముందు కల్చర్

డెబ్బై దాటినవాళ్లకు నడుం నొప్పి వస్తే అరుగుదలేనని తేల్చేయడం మనకు మామూలే. బెల్టు, పెయిన్ కిల్లర్, పది రోజుల ఫిజియో. కానీ పడుకున్నా తగ్గకుండా, రాత్రి ఎక్కువవుతూ, మంచం మీద పక్కకి ఒత్తిగిలాలన్నా అరిపించే నొప్పయితే ఆగి ఆలోచించాలి, అది వెన్నుపూసకు పట్టిన ఇన్ఫెక్షన్ కావొచ్చు. జ్వరం లేదు కదా అన్న ధీమా పనికిరాదు, ఈ వయసులో చాలామందికి జ్వరం రాదు. తెల్లకణాలు కూడా నార్మల్‌గానే ఉండొచ్చు. షుగర్, డయాలసిస్, మానని కాలి పుండు, ఈమధ్యే వచ్చిన యూరిన్ ఇన్ఫెక్షన్, వీటిలో ఏదున్నా సీఆర్‌పీ, ఈఎస్ఆర్ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే రక్తపరీక్షలు) చేయించాలి. అవి పెరిగి ఉంటే ఎంఆర్ఐ. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు.

ఎంఆర్ఐలో డిస్క్, దాని పైనా కిందా ఉన్న పూసలు దెబ్బతిన్నట్టు కనిపించగానే ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలవుతుంది. కేసు చెడేది ఎక్కువగా ఇక్కడే. కాళ్లలో బలం ఉండి, బీపీ నిలకడగా ఉంటే కల్చర్‌కి (ఏ క్రిమో తేల్చడానికి ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) శాంపిల్ వచ్చేదాకా యాంటీబయాటిక్ ఆపొచ్చు, ఆపాలి కూడా. కాళ్లు బలహీనపడుతున్నా, మూత్రం బిగుసుకున్నా, బీపీ పడిపోతున్నా బ్లడ్ కల్చర్ తీసి వెంటనే మందు పెట్టాలి, సర్జన్‌ని అదే రోజు పిలవాలి.

బ్లడ్ కల్చర్ అంటే రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు, ఒక్కో బాటిల్‌కి 8 నుంచి 10 మి.లీ. ‘అసలే రక్తం తక్కువ, ఇంత లాగుతారా’ అని ఇంట్లోవాళ్లు అంటారు. 3 మి.లీ. పోస్తే ఉన్న బ్యాక్టీరియా కూడా దొరక్కపోవచ్చు. అందులో స్టెఫైలోకాకస్ ఆరియస్ (ఈ జబ్బుకి తరచూ కారణమయ్యే బ్యాక్టీరియా, పొట్టిగా స్టెఫ్) పెరిగి, ఎంఆర్ఐ సరిపోలితే సాధారణంగా బయాప్సీ (పూస నుంచి ముక్క తీసి పరీక్షించడం) అక్కర్లేదు. కానీ ఇన్ఫెక్షన్ గుండె కవాటాలకు పాకిందేమో చూడటానికి ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి.

ఏమీ పెరగకపోతే సీటీ చూస్తూ సూదితో ముక్క తీస్తారు. తీసినదంతా ఫార్మలిన్ (కణజాలం చెడకుండా ఉంచే రసాయనం) డబ్బాలో వేస్తే కల్చర్ కథ ముగిసినట్టే, ఫార్మలిన్‌లో బ్యాక్టీరియా బతకదు. ఒక ముక్క ఫార్మలిన్‌లో హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపులో కణజాలం చూసే పరీక్షకి), మిగతావి స్టెరైల్ డబ్బాలో నార్మల్ సెలైన్‌తో. గ్రామ్ స్టెయిన్, మామూలు కల్చర్, ఫంగస్, సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష), టీబీ లిక్విడ్ కల్చర్ అన్నీ రిక్వెస్ట్ ఫారం మీద విడివిడిగా రాయాలి. మేకలు, పశువులతో పనిచేసేవాళ్లయితే బ్రుసెల్లా (పశువుల నుంచి అంటే బ్యాక్టీరియా) అనుమానం ల్యాబ్‌కి ముందే చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉండి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు సూది గుచ్చాలన్నా కార్డియాలజిస్టుని అడగకుండా ఆ మాత్ర ఆపకండి.

మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ‘టీబీ మందులు మొదలెట్టి చూద్దాం’ అనే అలవాటూ ఉంది. నాకు అది నచ్చదు. టీబీ సాధారణంగా నెలల తరబడి మెల్లగా సాగుతుంది, డిస్క్ కొంతకాలం నిలుస్తుంది, పక్కన పెద్ద చీముగడ్డలు కడతాయి. కానీ ఎంఆర్ఐ చూసి ఒట్టేయలేం. పైగా లీవోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్ టీబీ మీదా పనిచేస్తాయి కాబట్టి, అది కాదని తేలేదాకా వాటిని ఊరికే రాస్తే అసలు జబ్బు మరుగున పడుతుంది.

మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగే స్టెఫ్ అయితే, కిడ్నీలు బాగుంటే సెఫజోలిన్ 2 గ్రాములు 8 గంటలకోసారి. లొంగనిదైతే (ఎంఆర్ఎస్ఏ అంటే ఇదే) వాంకోమైసిన్, రక్తంలో దాని మోతాదు చూసుకుంటూ. మొత్తం 6 వారాలు; చీము తీయలేకపోయినా, ఎంఆర్ఎస్ఏ అయినా 8 వారాలు లేదా ఇంకా ఎక్కువ. కిడ్నీ లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. 80 ఏళ్లు, 45 కిలోల పెద్దావిడకి క్రియాటినిన్ 1.0 ఉంటే రిపోర్టులో నార్మలే, వయసు, బరువు కలిపి క్లియరెన్స్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో) లెక్కేస్తే నిమిషానికి 32 మి.లీ. దగ్గర వస్తుంది. సెఫజోలిన్ డోసైనా దాన్నిబట్టే తగ్గించాలి. వాంకోమైసిన్‌తో పాటు నొప్పికని డైక్లోఫెనాక్ కూడా ఇచ్చారంటే ఆ మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. ఎంఆర్ఎస్ఏకే వాడే మరో మందు లినెజోలిడ్ రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, వారానికోసారి సీబీసీ (రక్తకణాల లెక్క) చూడాలి.

ఆరు వారాలూ మంచానికి అంటిపెట్టుకోవద్దు. పూసలు నిలకడగా ఉన్నాయని సర్జన్ చెప్తే, నొప్పి ఓర్చుకోగలిగిన వెంటనే బ్రేస్ (నడుముకి ఆసరాగా కట్టే పట్టీ) వేసి కూర్చోబెట్టాలి. లేకపోతే పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, నిమోనియా మొదలవుతాయి.

నాలుగో వారంలో మళ్లీ సీఆర్‌పీ. నొప్పి తగ్గి, సీఆర్‌పీ దిగుతుంటే ఎంఆర్ఐ జోలికి పోవద్దు. మనిషి బాగుపడుతున్నా ఎముక ఫోటోలో ఇంకా చెడినట్టే కనిపిస్తుంది, అది చూసి మందు మార్చడం అనవసరం.