చచ్చిన కణం చూపించమన్నారు: నా పీహెచ్‌డీ అనుభవం

మొత్తానికి మొన్న వైవా అయిపోయింది. వేడి తగ్గకముందే రాసేస్తున్నా. ఇంకో నెల పోతే అందరినీ క్షమించేస్తానేమో, అప్పుడు రాసినా ఎవరికీ పనికిరాదు.

నా టాపిక్ అల్జీమర్స్‌లో నాడీకణాలు చనిపోవడం. హైదరాబాద్‌లోనే ఒక సంస్థలో చేశాను. పేరు చెప్పను, తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

నెట్ పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్సు వర్క్ గురించి యూట్యూబ్ నిండా ఉంది, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఫెలోషిప్ గురించి మాత్రం ఒక్క మాట. 2023 జనవరి నుంచి మొదట్లో ఇచ్చే జేఆర్‌ఎఫ్ నెలకి 37 వేలు, తర్వాత ఇచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు. అది కాగితం మీద. చేతికి ఎప్పుడొస్తుందన్నది వేరే సబ్జెక్టు. కొన్ని నెలలు డబ్బు రాకపోయినా నెట్టుకురాగలం అనుకుంటేనే దిగండి.

జంతువుల ఎథిక్స్ కమిటీ అంటే సీనియర్లు తెగ భయపెట్టారు. నాకు పెద్ద ఇబ్బందేమీ కాలేదు. ఎన్ని చిట్టెలుకలు కావాలి, అన్నెందుకు, అంతకన్నా తక్కువతో ఎందుకు కుదరదు అని అడుగుతారు. లెక్క వేసి చూపిస్తే ఊరుకుంటారు.

నేను వాడింది ఫైవ్ ఎక్స్ ఎఫ్‌ఏడీ అనే రకం. వంశపారంపర్యంగా అల్జీమర్స్ వచ్చే కుటుంబాల్లో దొరికిన ఐదు జన్యు మార్పుల్ని, ఏపీపీ జన్యువులో మూడు, ప్రెసెనిలిన్ ఒకటిలో రెండు, ఒకే చిట్టెలుకలో కూర్చారు. పాపం రెండు నెలల వయసుకే దాని మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం మొదలవుతుంది. అంతకుముందు ఎక్కువగా వాడిన టీజీ 2576 రకంలో అమిలాయిడ్ మచ్చలు బాగానే వచ్చేవి గానీ, హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాలకి కీలకమైన చోటు) చూస్తే కణాలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ కొత్తవాటిలో కార్టెక్స్ (మెదడు పైభాగం) ఐదో పొరలో తగ్గుతాయి. ఆ తగ్గుదల కొలవడమే నా పని.

కొలవడం అంటే చేత్తో లెక్కపెట్టడమే. మెదడుని నలభై మైక్రాన్ల సెక్షన్లుగా కోసి, సన్నటి పెయింట్ బ్రష్‌తో ఒక్కొక్కటీ నీళ్ళలోంచి స్లైడ్ మీదికి ఎక్కించాలి. ఊపిరి గట్టిగా వదిలితే మడత పడిపోతుంది. క్రెసిల్ వయొలెట్ రంగు వేశాక మైక్రోస్కోప్ కింద స్టీరియాలజీ, అంటే కొన్ని చోట్ల లెక్కపెట్టి మొత్తం ఎన్నో అంచనా కట్టే పద్ధతి. తెర మీద చిన్న చదరం వస్తుంది, రెండు గీతలు ఆకుపచ్చ, రెండు ఎరుపు. ఆకుపచ్చ గీతకి తగిలిన కణాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎర్ర గీతకి తగిలిందాన్ని వదిలెయ్యాలి. ఫోకస్ పైనుంచి కిందికి దింపుతూ ఏ కణం ఎక్కడ తేటపడుతుందో చూసి క్లిక్ కొట్టాలి. ఏ స్లైడ్ జబ్బుదో ఏది మామూలుదో నాకు తెలియకుండా మా జూనియర్ కోడ్ నంబర్లు అంటించేది. అన్నీ అయ్యాక కోడ్ విప్పితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ రోజు ల్యాబ్ మొత్తానికి బిర్యానీ నేనే పెట్టించాను. గొప్పలు అనుకున్నా సరే, మా డిపార్ట్‌మెంట్‌లో అంత శుభ్రంగా లెక్క తీసినవాళ్ళు నాకు ముందు లేరు.

ఆ తర్వాత ప్రీ సబ్మిషన్ సెమినార్, అంటే థీసిస్ ఇచ్చేముందు కమిటీకి పని చూపించడం. అసలు కథ ఇదే.

కమిటీలో రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. జీవితమంతా పురుగుమందులు పోసి లివర్ కణాల్ని చంపినాయన. నేను గ్రాఫ్ చూపిస్తుంటే మధ్యలోనే చెయ్యెత్తారు.

"ఏమ్మా, కణాలు చచ్చిపోయాయంటున్నావు. చచ్చిన కణం ఏదీ? ఒక్కటి చూపించు."

"మిగిలినవి లెక్కపెట్టాను సార్. మామూలు చిట్టెలుకల కంటే..."

"మిగిలినవాటి సంగతి అడగలేదమ్మా. శవం ఏదీ అంటున్నా. శవం లేకుండా మర్డర్ కేసు పెడితే ఏ జడ్జి ఒప్పుకుంటాడు?"

హాలంతా నవ్వు. వెనక బెంచీలో ఎమ్మెస్సీ పిల్లలు కూడా. మా గైడ్ ఫోన్ చూసుకుంటున్నారు. (ఇది మీరు చదువుతారని తెలుసు సార్. చదవండి.) "లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు, టనెల్ చేసి రా" అని ఆ ప్రొఫెసర్ రాసి సంతకం పెట్టేశారు. సబ్మిషన్ ఆగిపోయింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను, దాచేదేముంది.

ఆయన ప్రశ్న వినడానికి బాగుంటుంది, చిక్కంతా అక్కడే. టనెల్ అంటే తెగిన డీఎన్‌ఏ కొసలకి మెరిసే రంగు అంటించే పద్ధతి. మందు పోసి ఒకేసారి లక్షల కణాల్ని చంపితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అల్జీమర్స్ అలా చంపదు. ఏళ్ళ తరబడి ఇక్కడొకటి అక్కడొకటిగా పోతాయి. పోయినదాన్ని మైక్రోగ్లియా అనే మెదడులోని కాపలా కణాలు కొన్ని గంటల్లోనే తినేసి చోటు శుభ్రం చేసేస్తాయి. కాబట్టి ఏ క్షణాన కోసి చూసినా అప్పుడే చస్తున్న కణం దొరకడం అరుదు. పైగా డీఎన్‌ఏ తెగిన ప్రతి కణమూ చావదు. చనిపోయిన రోగుల మెదడుల్లో టనెల్‌కి మెరిసే కణాలు లెక్కకు మించి కనిపించాయి. అవన్నీ నిజంగా చస్తున్నవే అయితే అన్నేళ్ళ జబ్బు అన్నేళ్ళు సాగేదే కాదు, మెదడు ఎప్పుడో ఖాళీ అయిపోయేది.

అందుకే ఈ రంగంలో నిలబడిన పేపర్లన్నీ మిగిలినవి లెక్కపెట్టినవే. 1994లో వెస్ట్ బృందం హిప్పోక్యాంపస్‌లో సీఏ1 అనే చోట లెక్క తీసి, మామూలు ముసలితనంలో అక్కడ కణాలు పెద్దగా పోవని, అల్జీమర్స్‌లో భారీగా పోతాయని చూపించింది. 1996లో గోమెజ్ ఇస్లా, హైమన్ వాళ్ళు హిప్పోక్యాంపస్ పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ చూశారు. జబ్బు ఇంకా చాలా తేలిగ్గా ఉన్న దశలోనే రెండో పొరలో దాదాపు 60 శాతం కణాలు లేవు. ముదిరినవాళ్ళలో 90 శాతం.

మా బంధువుల పెళ్ళికి ఒంగోలు వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న, "మందు ఎప్పుడొస్తుందమ్మా?" అని. లెకానెమాబ్ అనే మందు వచ్చింది, 2023లో అమెరికాలో పూర్తి అనుమతి కూడా దొరికింది. అమిలాయిడ్‌ని బాగానే కడిగేస్తుంది. పద్దెనిమిది నెలల ట్రయల్‌లో క్షీణత 27 శాతం నెమ్మదించింది, అంతే. పోయిన కణాలు రావు. మతిమరుపు బయటపడేసరికే ఆ రెండో పొరలో సగానికి పైగా పోతున్నాయంటే, మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది ఈ లెక్కలే. "ఎవరైనా చేస్తారు" అట.

సరే, టనెల్ చేశాను. కిట్ రావడానికి స్టోర్స్ సెక్షన్ చుట్టూ తిరిగిన సంగతి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. చీకటి గదిలో రాత్రిళ్ళు చేశాను. డీఎన్‌ఏని కావాలని తెంపిన కంట్రోల్ సెక్షన్ మొత్తం ఆకుపచ్చగా వెలిగింది, పద్ధతి పనిచేసినట్టే. నా సెక్షన్లలో దాదాపు ఏమీ లేదు. అనుకున్నదే.

మళ్ళీ సెమినార్. స్లైడ్ పెట్టగానే ఆయన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికే వచ్చి, పసుపు చుక్కల మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఇది చచ్చిన కణం కాదూ? ఉంచుకుని లేవంటావేం?"

అది లైపోఫ్యూసిన్. వయసు పైబడిన కణాల్లో పేరుకునే చెత్త, ఏ రంగూ వెయ్యకపోయినా దానంతటదే మెరుస్తుంది. రంగు వెయ్యని సెక్షన్ పక్క స్లైడ్‌లోనే పెట్టుకున్నాను, అందులోనూ అవే చుక్కలు. చూపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకైతే నవ్వితే బాగుండనిపించింది. ఆయన గొంతు సవరించుకుని, "మొదటి నుంచీ నేననేది అదే. మిగిలినవాటిని లెక్కపెట్టాలి" అని సంతకం చేశారు.

థీసిస్ రాయడం, ప్లేజరిజం చెక్ సులువుగానే అయ్యాయి. సొంత పేపర్‌లోని వాక్యాలకే ఎర్ర రంగు వేస్తుంది, కంగారు పడకండి. వైవాకి బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం స్టీరియాలజీ చాప్టర్ గురించి గంటసేపు అడిగారు, ఒక్కటీ వదల్లేదు. చివర్లో, "ఈ టనెల్ చాప్టర్ ఎందుకమ్మా ఇందులో? దీంతో ఏం తేలింది?" అన్నారు. నేను ముందు వరసలో ఉన్న ఆ రిటైరైన ప్రొఫెసర్ వైపు చూశాను. ఆయన తల ఊపుతూ, "నేనూ అదే అనుకున్నా మేడం" అన్నారు.

మీరు ఈ టాపిక్ తీసుకుంటే రంగు వెయ్యని సెక్షన్ ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. కమిటీలో మెదడు మీద పనిచేసినవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉండేలా మొదటి ఏడాదే గైడ్‌ని అడగండి, తర్వాత అడిగితే పొగరంటారు. బాకీలేవీ లేవని తీసుకునే నో డ్యూస్‌లో లైబ్రరీ, స్టోర్స్ అయిపోయాయి. హాస్టల్ మెస్ డిపాజిట్ మాత్రం ఇంకా ఇవ్వలేదు, రసీదు అసలు కాపీ కావాలట. సోమవారం మళ్ళీ వెళ్ళాలి.