గెలిచారు, పిక్ పోయింది

2025 జనవరి 6, సోమవారం. షార్లెట్.

పొద్దున కాఫీ కలుపుకుంటూ ఫోను చూస్తే బావమరిది వాట్సాప్: "గెలిచి ఏం బావుకున్నారు బావా? పిక్ పోయిందిగా." వాడుండేది మా రాష్ట్రంలోనే ర్యాలీ అనే ఊళ్లో. మా షార్లెట్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పాంథర్స్ ఓడినా వాడే తిడతాడు, గెలిచినా వాడే తిడతాడు.

నిన్న సీజన్‌లో ఆఖరి ఆట. అట్లాంటా వెళ్లి ఫాల్కన్స్‌ను ఓవర్‌టైమ్‌లో 44-38తో ఓడించి వచ్చారు మావాళ్లు. లెక్క చూస్తే 17 ఆటల్లో 5 గెలుపులు, 12 ఓటములు. సంబరపడే రికార్డేం కాదు. ఈ ఆట పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎంత ఎక్కువ ఓడితే, కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో అంత ముందు నంబరు దక్కుతుంది, ఆ వంతునే పిక్ అంటారు. నిన్న కూడా ఓడి ఉంటే ఇంకాస్త ముందు వరుసలో ఉండేవాళ్లం, గెలిచి ఎనిమిదో నంబరుకు పడ్డాం. బావమరిది ఏడుపు అదీ. లెక్క ప్రకారం తప్పేం లేదు. కానీ నిన్న మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, బ్రైస్ యంగ్ మూడు టచ్‌డౌన్ (బంతిని ఆఖరి గీత దాటించి పాయింట్లు తెచ్చే) పాసులు విసిరి, మరో రెండు తనే పరిగెత్తుకెళ్లి కొట్టాడు. నిండా ఇరవై నాలుగేళ్లు లేని కుర్రాడు. సెప్టెంబరులో ఊరంతా "వీడి పని అయిపోయింది" అన్న కుర్రాడు. ఆ ఆట చూశాక "ఓడిపోవాల్సింది" అనడానికి నాకు నోరు రాలేదు.

రైల్లో ఉండగా నాన్న ఫోన్ చేశారు. ఇండియాలో అప్పుడు సాయంత్రం, టీ తాగుతూ కూర్చున్నారట. ముందు సిడ్నీ టెస్టు గోడు వెళ్లబోసుకున్నారు: సిరీస్ 3-1తో పోయింది, కెప్టెన్ రోహిత్ ఆఖరి టెస్టుకి తనే పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణించి మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మీదికి వెళ్లారు. మెల్‌బోర్న్‌లో 114 కొట్టి పది రోజులన్నా కాలేదు, సిడ్నీలో నిలబడలేకపోయేసరికి టీకొట్టు దగ్గర ఒకాయన "తీసి పక్కన పెట్టాలి" అన్నాడట. నాన్న ఆయనతో పోట్లాడి వచ్చారు. "ఇరవై ఒక్క ఏళ్ల పిల్లాణ్ణి నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వకపోతే ఎట్లారా?" అన్నారు నాతో, టీకొట్టాయనతో అన్నట్టే. ఫోన్ పెట్టేముందు "మీ గుడ్డు బంతి ఆట ఏమైంది?" అని అడిగారు. గెలిచామని చెప్తే "మంచిది" అని ఊరుకున్నారు. ఆయనకి ఇది ఎప్పటికీ ఎక్కదు.

ఆఫీసులో స్టాండప్ (రోజూ పొద్దున జరిగే చిన్న మీటింగు) మొదలయ్యేలోపే ఈ కబుర్లు మొదలయ్యాయి. బ్రైస్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టడమే మేలు చేసిందని మా టీమ్ సీనియర్ వాదన. నాకు నచ్చని వాదన ఇదే. సీజన్ మొదటి ఆటలో న్యూ ఓర్లీన్స్‌లో 47-10తో చితికిపోయాం. రెండోది సొంత మైదానంలోనే, చార్జర్స్ చేతిలో 26-3. మర్నాడే కోచ్ డేవ్ కనాలెస్ కుర్రాణ్ణి తీసి ఆండీ డాల్టన్‌ను దింపాడు. అక్టోబరు ఆఖర్లో డాల్టన్ కారుకి యాక్సిడెంటై, బొటనవేలు బెణికి ఆడలేకపోయాడు కాబట్టి బ్రైస్ మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఆ యాక్సిడెంటే లేకపోతే ఎప్పుడొచ్చేవాడో ఎవరు చెప్పగలరు? తలరాత వల్ల జరిగినదాన్ని కోచ్ తెలివి ఖాతాలో రాయడం నాకు ఇష్టం లేదు. పక్కన కూర్చుని చూడటం కొంత ఉపయోగపడే ఉంటుంది, పూర్తిగా కాదనను. సీనియర్ ఒప్పుకోలేదు. ఇంతలో స్టాండప్ మొదలైంది.

మధ్యాహ్నం పులిహోర డబ్బా ఖాళీ చేసి, చలి కొరుకుతున్నా మింట్ స్ట్రీట్ దాకా నడిచాను. స్టేడియం ముందు మా పాత ఆటగాడు శామ్ మిల్స్ విగ్రహం. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, డిఫెన్స్‌లో అడ్డుపడే లైన్‌బ్యాకర్‌గా ఆ ఎత్తు చాలదని మొదట్లో ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. బ్రైస్ అంతకన్నా ఒక్క అంగుళం ఎక్కువ. ఎత్తు గురించి వాదించేవాళ్లని ముందు ఇక్కడికి తీసుకురావాలి.

కానీ ఎత్తు తక్కువైన క్వార్టర్‌బ్యాక్‌తో ఒక చిక్కుంది, అది మాత్రం నిజం. పక్కల నుంచి మీదికొచ్చేవాణ్ణి అతను తప్పించుకోగలడు. ఎదురుగా, మధ్యలో నిలబడి అతన్ని కాపాడాల్సిన సొంత జట్టు గార్డులు వెనక్కి తోసుకుపోతూ అతని మీదే పడితే మాత్రం అటువైపు ఏముందో కనపడదు, బంతి ఎవరికి విసరాలో తెలీదు. 2023లో సరిగ్గా ఇదే జరిగింది. మొదటి ఏడాదే 62 సార్లు శాక్ అయ్యాడు. బంతి చేతిలో ఉండగానే 62 సార్లు నేలకేసి కొట్టించుకుంటే ఎవరికైనా కళ్లు బంతి మీద కాక, మీదికొచ్చేవాళ్ల మీదే ఉంటాయి. ఆ ఏడాది జట్టు రెండే గెలిచి పదిహేను ఓడింది.

అసలు ఆ కుర్రాణ్ణి తెచ్చుకోవడానికి ఏం ఇచ్చారో గుర్తు చేసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 2023 మార్చిలో చికాగోకి ఆ ఏడాది 9వ, 61వ పిక్‌లు, 2024 మొదటి రౌండు పిక్, 2025 రెండో రౌండు పిక్, అవి చాలవన్నట్టు మాకున్న ఒకే ఒక్క మంచి రిసీవర్ డీజే మూర్. అప్పుచేసి కొత్త కారు కొని పెట్రోలుకి డబ్బుల్లేక ఇంటి ముందు నిలబెట్టుకున్నట్టు. బంతి విసిరేవాడొచ్చాడు, పట్టేవాడు పోయాడు. మేం పదిహేను ఓడటంతో ఆ 2024 పిక్ కాస్తా దేశంలోకే మొదటి నంబరైంది, చికాగో దాంతో కేలబ్ విలియమ్స్‌ను ఎత్తుకుపోయింది. ఆ సీజన్ మధ్యలోనే, పదకొండు ఆటలకే, కోచ్ ఫ్రాంక్ రైక్ ఉద్యోగం ఊడింది. కుర్రాడికి ఆట నేర్పాల్సిన మనిషిని నేర్పకముందే పంపేశారు.

కిందటి మార్చిలో మాత్రం ఒక్క పని సరిగ్గా చేశారు. ఇద్దరు గార్డుల మీద డబ్బు కుమ్మరించారు: రాబర్ట్ హంట్‌కి ఐదేళ్లకు 100 మిలియన్లు, డామియన్ లూయిస్‌కి నాలుగేళ్లకు 53 మిలియన్లు. గార్డులకి అంత డబ్బా అని అప్పుడు చాలామంది నవ్వారు. ఈ సీజన్‌లో బ్రైస్ ఆడిన 14 ఆటల్లో 29 శాక్‌లే. బెంచ్ మహిమ అనేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

నిన్నటి ఇంకో సంగతి నన్ను రోజంతా తొలిచింది. బ్రైస్ కన్నా ముందు ఈ ఊళ్లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లుండేవాళ్లు. 2021లో శామ్ డార్నల్డ్, 2022లో బేకర్ మేఫీల్డ్. ఇద్దర్నీ "పనికిరారు" అని సాగనంపాం. నిన్ననే మేఫీల్డ్ తన కొత్త జట్టు టాంపాను మా డివిజన్‌లోనే (మేమూ ఉన్న జట్ల గుంపు) చాంపియన్ చేశాడు. డార్నల్డ్ రాత్రి డెట్రాయిట్‌లో ఓడినా, అతను ఆడుతున్న మినెసోటా జట్టు 14 గెలుపులతో సీజన్ ముగించింది. వాళ్లు షార్లెట్ వదలగానే రాత్రికి రాత్రే ఆట నేర్చుకున్నారా? 2018లో డేవిడ్ టెప్పర్ జట్టు కొన్నాక ఎంతమంది కోచ్‌లు మారారో వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సిందే. నాకు తోచేది ఒకటే, లోపం కుర్రాళ్లలో లేదు, ఇంట్లో ఉంది. ఈసారి ఇల్లు కాస్త చక్కబడుతోందని అనిపిస్తోంది. మేఫీల్డ్ టాంపాలో నిలదొక్కుకున్న మొదటి ఏడాది అక్కడ అఫెన్స్ (పాయింట్లు కొట్టే పక్షం) చూసుకున్నది ఈ కనాలెస్సే. అదొక్కటే నా ధైర్యం.

సాయంత్రం చెత్తడబ్బా బయట పెడుతుంటే పక్కింటి పెద్దాయన కనిపించాడు. జట్టు పుట్టిన 1995లో ఇక్కడ స్టేడియమే లేదు, ఆటలు క్లెమ్సన్‌లో జరిగేవి. అప్పణ్ణించీ టికెట్ ఉంది ఆయనకి. 2001లో ఒక్కటి గెలిచి పదిహేను ఓడిన సీజన్ కూడా కుర్చీ వదలకుండా చూశాడు. ఆ తర్వాత రెండేళ్లకే అదే జట్టు లీగ్ ఫైనల్, సూపర్‌బౌల్ ఆడింది. బ్రైస్ గురించి అడిగితే "బాగున్నాడు" అని ఒక్క ముక్క, ఇక డిఫెన్స్‌ను ఎత్తుకున్నాడు. ఈ సీజన్‌లో మావాళ్లు ఇచ్చుకున్న పాయింట్లు 534, ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలోనే అత్యధికం. "ముప్పై కొట్టినా ఓడిపోతే ఆ కుర్రాడేం చేస్తాడు?" అంటూ డబ్బా చక్రాన్ని కాలితో తన్నాడు. డిఫెన్స్‌కి వెన్నెముకలాంటి డెరిక్ బ్రౌన్ మొదటి ఆటలోనే మోకాలి దెబ్బతో సీజన్‌కి దూరమయ్యాడు. అది సగం కారణం, సగమే.

భోజనాలయ్యాక మా అబ్బాయి, నేను నిన్నటి ఆట రికార్డింగ్ మళ్లీ పెట్టాం. వాడికి టచ్‌డౌన్లు కావాలి, రిమోట్ నా చేతిలో ఉంది. "బంతి చూడకు, మధ్యలో ఆ ఇద్దర్నీ చూడు" అన్నాను. ఒక పాస్ దగ్గర ఆపి మెల్లగా నడిపించాను. గార్డులిద్దరూ మోకాళ్లు వంచి, పాదాలు పాతేసినట్టు నిలబడి ఎదుటివాడి ఛాతీ మీద చేతులు ఆనించి ఆపుతున్నారు. వెనకాల బ్రైస్ వెనక్కి జరగలేదు, ఒక అడుగు ముందుకే వేశాడు. మొదటి ఏడాది ఇదే పరిస్థితిలో వెనక్కి తూలుతూ, ఒంటికాలి మీద బంతి విసిరేవాడు. "మరి ఇన్నాళ్లూ వీళ్లని ఎందుకు పెట్టలేదు నాన్నా?" అన్నాడు వాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ లోపలినుంచి "హోంవర్క్ అయిందా?" అంది. వాడు లేచి వెళ్లిపోయాడు.

పడుకునేముందు బావమరిదికి జవాబు రాశాను: ఎనిమిదో నంబరుకి కూడా మంచి డిఫెన్స్ కుర్రాడు దొరుకుతాడు, నా ఓటు వాడికే. వాడు వెంటనే "రిసీవర్ కావాలి బావా, విసిరినవి పట్టేవాడు లేకపోతే ఎట్లా?" అన్నాడు. ఫిలడెల్ఫియాలో ఆఖరి నిమిషంలో మా రిసీవర్ లెగెట్ చేతుల్లోంచి జారిన బంతి వాడింకా మర్చిపోలేదు. పాయింటు ఉంది, ఒప్పుకోవాలి. కానీ 534 తర్వాత కూడా రిసీవరా అని పెట్టాను. వాడు డార్నల్డ్, మేఫీల్డ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి, కింద "ముందు ఈ కుర్రాణ్ణయినా ఉంచుకోమను" అని రాశాడు.